గారకు గండం చెమ్మ

బంగాళంలో వానకాలం వెనుదిరిగేవేళ హిజ్లీ ఇళ్ళ గోడలను పరికించి చూస్తే, గడచిన నాలుగు నెలల చరిత్ర యావత్తూ వాటి మీద రాసి ఉంటుంది. నేల నుండి మూరెడెత్తు వరకు వానచినుకులు ఎగజిమ్మిన ఎర్రమట్టి మరకలు. ఆ పైన ఉప్పు పూసిన తెల్లని చారలు. కిటికీ చూరుల కింద నల్లని బూజు. నీటి గొట్టాల వెంట పచ్చని పాచి. అక్కడక్కడ గార పొంగి, చేత్తో తడితే లోపల బోలుగా మోగుతుంది. మరి కొన్నిచోట్ల పెచ్చు ఊడిపోయి ఇటుకలు బయటపడి ఉంటాయి. ఇల్లు కట్టి ఇంకా పదేళ్ళయినా నిండకపోవచ్చు. అదే వీధికి ఆ చివరన, నూరేళ్ళనాటి రైల్వే బంగళా గోడ వన్నె తగ్గినా చెక్కు చెదరకుండా నిలిచి ఉండడం కద్దు.

ఈ వైపరీత్యానికి కారణం పాతకాలపు మేస్త్రీల చేతిలో ఏదో మంత్రశక్తి ఉండడం కాదు. నీటి విషయంలో వారు పాటించిన నియమాలు కొన్నింటిని తరువాతి తరం విస్మరించడమే.

హిజ్లీ పేరు వినగానే చదువుకున్నవారికి భారత సాంకేతిక విద్యా సంస్థ, అనగా ఐ.ఐ.టి., స్ఫురిస్తుంది. స్వాతంత్ర్య సమర చరిత్ర తెలిసినవారికి 1930లో ఆంగ్ల ప్రభుత్వం నెలకొల్పిన నిర్బంధ శిబిరం గుర్తుకు వస్తుంది. ఇవి రెండూ ఒకే ఆవరణ. 1931 సెప్టెంబరు 16న ఈ శిబిరంలో పోలీసులు జరిపిన కాల్పులలో నిరాయుధులైన సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ఖైదీలు మరణించారు. వారి భౌతికకాయాలను స్వీకరించడానికి సుభాస్ చంద్ర బోసు స్వయంగా ఇక్కడికి వచ్చారు. ఇరవై ఏళ్ళ తరువాత, 1951 ఆగస్టు 18న, అదే భవనంలో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి.ని మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించారు. ఖైదీలను బంధించిన గోడల నడుమ పాఠాలు మొదలయ్యాయి. నేడు ఆ భవనంలో నెహ్రూ పేరిట విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఉన్నది.

తెలుగువారికి మాత్రం ఈ ప్రాంతంతో ఉన్న అనుబంధం వీటికంటె పాతది. 1890 దశకం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూరును కూడలిగా ఎంచుకున్నది. 1902లో వాల్తేరు మొదలు కటకం వరకు గల తూర్పుతీరపు రైలుమార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ మార్గం వెంబడి అప్పటి గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి కూలీలు, కొలిమి పనివారు, గుమాస్తాలు, వారి వెనుక వర్తకులు, వంటవారు ఉత్తరానికి కదిలారు. రైల్వే కార్ఖానాలో తండ్రి చేసిన ఉద్యోగం కొడుకుకు, ఆ కొడుకు తరువాత మనుమనికి సంక్రమించిన కుటుంబాలు ఖరగ్‌పూరులో కోకొల్లలు. 2020 డిసెంబరులో పశ్చిమ బంగాళ ప్రభుత్వం ఈ ప్రాంతంలో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడానికి వెనుక ఉన్నది ఈ నూరేళ్ళ చరిత్రే.

రైల్వే క్వార్టరులో ఉన్నంతకాలం గోడ బాగోగులు కంపెనీవి, తరువాత ప్రభుత్వానివి. ఏటా ఎవరో వచ్చి వెల్ల వేసి పోతారు. పదవీ విరమణతోనే అసలు కథ మొదలవుతుంది. భవిష్యనిధి సొమ్ము, గ్రాట్యుటీ, పెండ్లాం మెడలోని నాలుగు తులాలు కలిపి, ఊరి చివర రెండు మూడు కాఠాల స్థలం కొని ఇల్లు కట్టుకొనే వ్యక్తికి రెండవ ఇల్లు కట్టే శక్తి ఉండదు. పునాదికి, కప్పుకు ఇనుము ఎంత, సిమెంటు ఎంత అని అతడు పదిమందిని అడుగుతాడు. గార పని దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా కూడా అడుగంటుతాయి. "పైపూతే కదా" అని మేస్త్రీకి వదిలివేస్తాడు. ఆ పైపూతే గోడకు చర్మం వంటిదని, చర్మం చెడితే లోపలి ఎముకలకూ ముప్పేనని అతనికి తెలిసేది మూడవ వానకాలంలో.

సుధ, సుర్కి, కోటగోడ

గోడకు పూత వేయడం మన దేశానికి కొత్త విద్య కాదు. సంస్కృతంలో సున్నానికి 'సుధ' అని పేరు. అమృతానికీ అదే పేరు కావడం మన పూర్వులు దానికిచ్చిన గౌరవాన్ని తెలుపుతున్నది. వరాహమిహిరుని బృహత్సంహితలో 'వజ్రలేపం' అనే లేపనానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పచ్చి తుమికి కాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు మొదలైనవాటిని నీటిలో వేసి, ఎనిమిదవ వంతు మిగిలేవరకు మరిగించి కషాయం తీయాలని అందులో విధి. ఆ లేపనం కోటి సంవత్సరాలు నిలుస్తుందని ఆయన హామీ ఇచ్చాడు. ఇంతటి హామీ నేటి రంగుల కంపెనీలు కూడా ఇవ్వలేవు!

కృష్ణాతీరపు బౌద్ధారామాల నుండి విజయనగర కాలపు గోపురాల మీది గారబొమ్మల వరకు, కుతుబ్‌షాహీల సమాధుల మీది లతల వరకు, తెలుగునాట సున్నపు గార వర్ధిల్లింది. విశాఖ, శ్రీకాకుళం తీరాన గుల్లసున్నం వాడేవారు. గానుగలో ఎద్దులను కట్టి సున్నం, ఇసుక గంటల తరబడి నూరేవారు. కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు, కొన్ని పనులకు కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు. ఇవి మూఢనమ్మకాలు కావు. చక్కెర జాతి పదార్థాలు సున్నం నీటిలో మరింతగా కరిగేటట్లు చేసి, అది గట్టిపడే వేగాన్ని నెమ్మదింపజేస్తాయి. మేస్త్రీకి రుద్దడానికి, నున్నగా తీర్చడానికి వ్యవధి లభిస్తుంది.

సున్నం గట్టిపడే తీరు ఒక చక్రభ్రమణం వంటిది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీరు చల్లితే అది బుసలు కొడుతూ పొంగి తడి సున్నమవుతుంది. గోడకెక్కిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకొని, తుదకు మళ్ళీ రాయిగా మారుతుంది. ఈ ప్రక్రియకు తొందర పనికిరాదు. సుమారు నెలకొక మిల్లీమీటరు లోతు చొప్పున గట్టిపడుతుందని పనివారి స్థూలమైన లెక్క. ప్రాచీన రోములో మూడేళ్ళు నానని సున్నాన్ని కంట్రాక్టర్లు వాడరాదన్న శాసనం ఉండేదని ప్లినీ రాశాడు.

ఇక్కడే బంగాళపు చెమ్మగాలి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. సున్నం రాయిగా మారడానికి కొంత తడి కావాలి. కాని గారలోని సూక్ష్మరంధ్రాలన్నీ నీటితో నిండిపోతే గాలి లోపలికి పోదు. బొగ్గుపులుసు వాయువు నీటి గుండా ప్రయాణించే వేగం గాలిలో ప్రయాణించే వేగంలో పదివేలవ వంతు మాత్రమే. అందుచేత ఆషాఢంలో పూసిన వట్టి సున్నపు గార భాద్రపదానికి కూడా లోపల వెన్నవలె మెత్తగానే ఉంటుంది. జోరుగాలితో ఒక వాన కొడితే కరిగి కారిపోతుంది.

దీనికి బంగాళీ మేస్త్రీ కనిపెట్టిన విరుగుడు 'సుర్కి', అంటే ఇటుకపొడి. మితంగా కాల్చిన ఇటుకలను మెత్తగా దంచి సున్నంలో కలిపితే, ఆ కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి గాలి ప్రమేయం లేకుండానే, తడిలోనే బిగుసుకుంటాయి. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో సాధించిన ఫలితాన్ని, రాయి దొరకని ఒండ్రుమట్టి దేశంలో బంగాళీలు ఇటుక బట్టీ నుండే సాధించారు. మనవారికి కూడా ఇటుకపొడి కలిపిన గచ్చు పరిచితమే గాని, బంగాళంలో అది జీవనావసరమైంది. పూర్వం కలకత్తాకు 'సౌధాల నగరం' అనే పేరు తెచ్చిన ఆ ధవళ ప్రాసాదాలలో అత్యధికం రాతి కట్టడాలు కావు. ఇటుక గోడ మీద గార పూసి, రాతి వరుసల భ్రమ కలిగేటట్లు గీతలు గీసినవే. ప్రతి వానకాలం తరువాత వాటికి మరమ్మతు, వెల్ల తప్పనిసరి. ఖరగ్‌పూరులో రైల్వే ఊరు కట్టినవారు అనుసరించినదీ ఆ కాలపు ఈ సంప్రదాయాన్నే: మందమైన ఇటుక గోడ, సున్నం-సుర్కి అడుసు, విశాలమైన వరండా, బయటికి పొడవుగా చాచిన చూరు.

చూరును ప్రత్యేకంగా స్మరించుకోవాలి. చైత్ర వైశాఖాలలో వాయవ్యం నుండి విరుచుకుపడే 'కాల్ బైశాఖీ' తుపానులలో వాన నిలువుగా కురవదు, అడ్డంగా కొడుతుంది. సముద్రం నూరు కిలోమీటర్ల లోపే ఉన్నది గనుక వాయుగుండాల తాకిడి కూడా తప్పదు. 1942 అక్టోబరులో మేదినీపూర్ జిల్లాను ముంచెత్తిన తుపాను, 2020 మే నెలలోని ఆంఫన్, ఆ మరుసటి ఏటి యాస్ ఇక్కడివారికి బాగా జ్ఞాపకం. వానను గోడకు తాకనీయని వరండా ఏ గారకైనా మొదటి రక్షణ. నేటి ఇళ్ళలో స్థలం కలిసి వస్తుందని వరండా తీసివేశారు. అందం చెడుతుందని సన్‌షేడును అడుగుకు కుదించారు. వెయ్యేళ్ళ అనుభవాన్ని ఒక అడుగు స్థలానికి అమ్ముకోవడమంటే ఇదే.

సిమెంటు వచ్చిన తరువాత

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్పడిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. 1914లో పోరుబందరులో సిమెంటు ఉత్పత్తి ఆరంభమైంది. గంటలలో బిగిసి, రోజులలో రాయిలా మారే ఈ పొడి ముందు గానుగ సున్నం నిలువలేకపోయింది. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. కాంక్రీటు లేకుండా నేటి గృహనిర్మాణం లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గట్టిదనమే సుగుణమనుకొని, మెత్తని పాత గోడల మీద కూడా చిక్కని సిమెంటు పూయడం మొదలు పెట్టినప్పుడు.

సున్నపు గోడ ఎండా వానా వెంట తడుస్తూ ఆరుతూ ఉంటుంది. నేల నుండి పైకి పాకిన చెమ్మ కూడా గార గుండా ఆవిరై పోతుంది. దాని మీద చిక్కని సిమెంటు తొడుగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీరు రావడం మాత్రం ఆగదు. సన్నని పగుళ్ళ గుండా వాననీరు, పునాది నుండి నేలచెమ్మ వస్తూనే ఉంటాయి. బయటికి పోయే మార్గం లేక ఆ చెమ్మ మరింత ఎత్తుకు పాకుతుంది. మూడడుగుల వద్ద ఆగవలసిన మరక సిమెంటు పూసిన తరువాత అయిదడుగులకు ఎక్కిందని ఇంటివారు వాపోతే, మేస్త్రీ ఇంకా చిక్కగా మరొక పొర వేయడం ఈ ప్రాంతంలోనే కాదు, మన కోస్తా జిల్లాలలోనూ సామాన్య దృశ్యం.

హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ చేపట్టిన పునరుద్ధరణ పనిలో ప్రధానమైనది కొత్తగా పూయడం కాదు, ఇరవయ్యవ శతాబ్దంలో పూసిన సిమెంటును జాగ్రత్తగా ఒలిచివేయడం. దాని స్థానే సంప్రదాయ పద్ధతిలో నానబెట్టి నూరిన సున్నపు గారను వేశారు. 1591 నాటి చార్మినారు నుండి 2019 మే 1న ఒక మినారు గారముక్క ఊడి పడినప్పుడు పత్రికలన్నీ ఆ వార్త ప్రచురించాయి. సామాన్యుని ఇంటి గార ఊడితే ఏ పత్రికా రాయదు. అయితే రెండవ అంతస్తు చూరు నుండి ఊడి పడే నాలుగు కిలోల పెచ్చు కింద ఆడుకునే పిల్లవాని పాలిట ఏ చారిత్రక కట్టడపు పెచ్చుకూ తీసిపోదు.

హిజ్లీ నిర్బంధ శిబిరం వంటి కట్టడాల విషయంలో ఈ ఎరుక మరీ ముఖ్యం. కొత్త భవనాన్ని కూల్చి మళ్ళీ కట్టుకోవచ్చు. ఇద్దరు యువకుల రక్తం చూసిన గోడకు ప్రత్యామ్నాయం లేదు. అటువంటిచోట తాపీ ఎత్తడానికి ముందు పాత గారను కొద్దిగా గీకి, అందులో సున్నమెంత, ఇసుక ఎంత, ఇటుకపొడి ఉన్నదా అని ప్రయోగశాలలో పరీక్షించి, దానికంటె గట్టిది కాని మిశ్రమంతో మరమ్మతు చేయడం నేడు ప్రపంచమంతటా అంగీకరించిన పద్ధతి. కొత్త పూత పాత గోడకంటె ఎన్నడూ బలహీనంగానే ఉండాలి. బలిపెట్టవలసినది పూతను, రక్షించవలసినది గోడను.

ఉప్పు కథ

బంగాళీలు గోడ చెడడాన్ని 'నోనా ధొరా' అంటారు, అంటే 'ఉప్పు పట్టడం'. రోగకారణాన్ని సూటిగా పట్టుకున్న మాట అది. చమత్కారమేమంటే హిజ్లీ అనే పేరుకే ఉప్పుతో సంబంధం ఉన్నది. రసూల్‌పూర్ నది సముద్రంలో కలిసేచోట ఉండిన పాత హిజ్లీ నుండి ఆ పేరు చుట్టుపక్కల సీమకంతటికీ వ్యాపించింది. ఆ తీరంలో ఈస్టిండియా కంపెనీ ఉప్పు వండించి గుత్తవర్తకం సాగించింది. హిజ్లీ, తమ్లుక్ ఆనాటి ప్రధానమైన ఉప్పు ఏజెన్సీలు. ఖరగ్‌పూరు పక్కనున్న నేటి హిజ్లీలో ఉప్పు మళ్ళు లేవు. ఉప్పు గోడలలోనే పండుతున్నది!

ఇటుకలోని మట్టి, ఇసుక, కలిపే నీరు, సిమెంటు, వీటన్నిటిలోనూ కొద్దో గొప్పో లవణాలుంటాయి. చెమ్మ వాటిని కరిగించి మోసుకువస్తుంది. నీరు ఆవిరైనచోట లవణం స్ఫటికమై మిగులుతుంది. గోడ పైభాగాన తెల్లని నూగుగా ఏర్పడితే అది కేవలం కంటికి బాధ. పొడిగుడ్డతోనో పొడికుంచెతోనో దులిపివేస్తే చాలు. గారకు వెనుక, ఇటుకకు ముందు ఏర్పడితే మాత్రం అది ఉలి పెట్టి కొట్టినంత పని చేస్తుంది. ఉదాహరణకు సోడియం సల్ఫేటు నీటిని పీల్చుకొని స్ఫటికించినప్పుడు దాని పరిమాణం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. పగలు ఆరి రాత్రి తడిసే వాతావరణంలో ఈ పొంగు, కుంగు మళ్ళీ మళ్ళీ జరిగి గారను వెనుక నుండి నెట్టివేస్తుంది. ఉప్పు కనిపించగానే బక్కెటుతో నీళ్ళు కొట్టి కడిగే గృహిణులున్నారు. అది కరిగిన ఉప్పును తిరిగి గోడలోనికి పంపడమే అవుతుంది.

పూత పూసే వేళ

ఇంతకూ కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు చేయవలసిన దేమిటి? సున్నపు గానుగలను వెదుక్కుంటూ పోనవసరం లేదు. సిమెంటు గోడకు సిమెంటు గార తగినదే. దానిలో పాలుపంచుకోవడానికి కొంత సున్నాన్ని కూడా పిలవాలి. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక కలిపిన మిశ్రమం తడి వాతావరణంలోని బయటి గోడలకు అనువైనదని నిర్మాణశాస్త్రం నిర్ధారించింది. సున్నం కలిసిన గార జిగురుగా సాగి గోడను పట్టుకుంటుంది; నీటిని వెంటనే ఇటుకకు వదలదు; ఆరేటప్పుడు తక్కువగా కుంచించుకుంటుంది. సిమెంటు మూడింట ఒక వంతు పోసిన చిక్కని గార పైకి ఇనుములా కనిపించినా, వల అల్లినట్లు సన్నగా పగులుతుంది. పగులు ఎంత సన్నదైతే అంత బలంగా నీటిని లోనికి లాగుతుంది. సిమెంటు గార పనికి భారతీయ ప్రమాణాల సంస్థ 1972లో ఒక నియమావళిని ప్రకటించింది. సున్నపు గారకు 1984లో వేరొకటి వెలువడింది. అందులో ఉన్నదానిలో సగం పాటించినా మన ఇళ్ళకు ఆయుర్దాయం రెట్టింపవుతుందనడం అతిశయోక్తి కాదు.

పనికి కాలం ముఖ్యం. వానలు వెనుదిరిగాక, కార్తీకం నుండి ఫాల్గుణం వరకు అనువైన సమయం. జ్యేష్ఠపు ఎండలో పూసిన గార సాయంత్రానికే నీరంతా పోగొట్టుకొని పొడిపొడిగా మిగులుతుంది. వానలో పూసినది కారిపోతుంది, నిలిచినా వెనుకనున్న గోడ ఆరే అవకాశం ఉండదు. గృహప్రవేశ ముహూర్తాన్ని బట్టి గార పని తేదీ నిర్ణయించే అలవాటు మనవారిది. గార పని ముగిసే తేదీని బట్టి ముహూర్తం పెట్టించుకోవడం శ్రేయస్కరం. పంచాంగంలో ముహూర్తాలకు కొదవ లేదు.

గోడ కట్టిన వెంటనే పూత తగదు. కట్టడం కుదురుకొని, లోపలి నీరు తగ్గడానికి కనీసం నాలుగు వారాలు కావాలి. ఇటుకల నడుమ అతుకులను పచ్చిగా ఉన్నప్పుడే ఒక సెంటీమీటరు లోతున గీకి ఉంచాలి. గార వేళ్ళూనేది ఆ గాళ్ళలోనే. నున్నని కాంక్రీటు స్తంభాలను సుత్తితో పొళ్ళు కొట్టి గరుకు చేయాలి. స్తంభం, ఇటుక గోడ కలిసేచోట రెండింటి వ్యాకోచం ఒక తీరున ఉండదు గనుక, తప్పకుండా పగులు వస్తుంది. అక్కడ సన్నని ఇనుప వల మేకులతో బిగించి దాని మీద పూయాలి. కిటికీ మూలల వద్ద కూడా అంతే.

ఇసుక విషయంలో మేస్త్రీ మాట మీద ఆధారపడనక్కరలేదు, ఇంట్లోనే పరీక్షించవచ్చు. మేదినీపూర్, ఖరగ్‌పూర్‌ల నడుమ ప్రవహించే కాసాయి నది ఇసుకైనా, మరెక్కడిదైనా సరే. గాజుసీసాలో సగానికి ఇసుక పోసి, చెంచాడు ఉప్పు కలిపిన నీరు నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. అడుగున ఇసుక, దాని మీద మెత్తని మట్టి వేర్వేరు పొరలుగా తేరుతాయి. మట్టి పొర నూటికి ఎనిమిది పాళ్ళు మించితే ఆ ఇసుకను కడిగి వాడాలి. సముద్రపు ఇసుక, అది ఎంత తెల్లగా ఉన్నా, గోడ దరికి రానీయకూడదు.

బయటి గార రెండు పొరలుగా వేయాలి. మొదటి పొర సుమారు 12 మిల్లీమీటర్లు. పచ్చిగా ఉండగానే దాని మీద అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. రెండు రోజులైనా తడిగా ఉంచి, ఆరనిచ్చి, తరువాత 6 నుండి 8 మిల్లీమీటర్ల రెండవ పొర. గోడ వంకరను గారతో కప్పిపుచ్చబోయి ఒకేచోట అంగుళంన్నర మందాన పూసేవారున్నారు. ఆ బరువే దానిని ఊడదీస్తుంది. నీరు కలిపిన సిమెంటును అరగంటలో వాడివేయాలి. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి వచ్చి, బిగుసుకున్న అడుసులో మళ్ళీ నీళ్ళు పోసి మెదపడం మేస్త్రీలలో బహుళ వ్యాప్తిలో ఉన్న దురలవాటు. దానిని చూచి ఊరకుండే యజమాని తన సొమ్ముకు తానే తూట్లు పొడుచుకుంటున్నాడు. నున్నదనం కోసం పైన వట్టి సిమెంటు చల్లి ఇనుప తాపీతో రుద్దే పద్ధతి బయటి గోడలకు పనికిరాదు. చెక్కతో రుద్ది కాస్త గరుకుగా వదిలిన గారే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ తరువాత కనీసం ఏడు రోజులు తడపాలి. గాలిలో ఎలాగూ చెమ్మ ఉన్నది కదా అని ఇక్కడివారు తడపడం మానేస్తారు. వానకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. కాని గార పని జరిగేది పొడిగాలి వీచే శీతకాలంలో అన్న సంగతి మరుస్తారు.

నీటికి దారి చూపే చిన్న ఏర్పాట్లు గారకంటె విలువైనవి. పిట్టగోడ తల ఇంటి లోపలివైపుకు వాలి ఉండాలి. సన్‌షేడు అడుగున అంచుకు దగ్గరగా వేలి మందాన ఒక గాడి విడిచిపెడితే, నీరు వెనుకకు పాకి గోడను చేరకుండా అక్కడే బొట్లుగా రాలిపోతుంది. పునాది మట్టం వద్ద చెమ్మను అడ్డుకునే కాంక్రీటు పొర గోడ మందమంతా పరచి ఉండాలి; గారను ఆ పొర మీదుగా కిందికి దించి నేలమట్టికి తగిలించారా, ఆ అడ్డు దాటి చెమ్మ ఎక్కడానికి నిచ్చెన వేసినట్లే. గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున వాలుగా గచ్చు చేస్తే ఎర్రమట్టి చిమ్మడం కూడా తగ్గుతుంది.

నీటికి దారి మూస్తే ఏమవుతుందో సంపన్న దేశాలు కూడా ఖరీదైన పాఠం నేర్చుకున్నాయి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు తీరనగరం విల్మింగ్టన్‌లో, చెక్క చట్రం మీద నురుగుపలకలు, వాటి మీద కృత్రిమ గార పూసిన కొత్త ఇళ్ళు 1995 ప్రాంతంలో గోడల లోపల కుళ్ళిపోయి బయటపడ్డాయి. పూత చక్కగానే ఉన్నది. కిటికీ అంచుల నుండి దూరిన నీరు పూత వెనుక చిక్కుకొని, పోయే దారి లేక చెక్కను తినివేసింది. కెనడాలోని వాంకూవరులో ఇదే దుర్గతి వేలాది కుటుంబాలకు పట్టగా, 1998లో ప్రభుత్వం విచారణ సంఘాన్నే నియమించవలసి వచ్చింది. ఆ తరువాత అక్కడి నియమాలలో పూత వెనుక నీరు జారిపోయే సందు తప్పనిసరి అయింది.

రంగు, రావిమొక్క

కొత్త గార మీద రంగు వేయడానికి తొందరపడరాదు. ఒకటి రెండు నెలలు ఆగడం మేలు. చెమ్మ ఆరని గోడకు ప్లాస్టిక్ గుణం గల రంగు వేస్తే బొబ్బలు లేస్తాయి. మన ఇళ్ళలో సంక్రాంతికి, బంగాళంలో దుర్గాపూజకు ముందు సున్నం వేయించే ఆచారం కేవలం పండుగ శోభకు పుట్టినది కాదు. తాజా సున్నపు క్షారగుణం బూజును, పాచిని కొంతకాలం బతకనీయదు. పైగా గోడలోని చెమ్మ ఆవిరైపోవడానికి సున్నం అడ్డురాదు. జిగురు కలిపి మూడు పల్చని పూతలుగా వేసిన సున్నం పాత ఇళ్ళకు నేటికీ సాటిలేని రంగు. వేలితో తాకితే అంటుకుంటుందని దానిని చిన్నచూపు చూడడం న్యాయం కాదు. గదిలో బూజు పట్టిన గోడ మూలంగా ఉబ్బసం ముదిరే పిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో ఈ మాట ప్రత్యేకించి గమనించదగినది.

సంవత్సరానికొకసారి, వానలు తగ్గిన వెంటనే, చిన్న చెక్కసుత్తితో ఇంటి చుట్టూ తిరిగి గోడను తట్టి చూడాలి. గట్టి గార 'టంగు'మంటుంది. విడిపోయిన గార కుండలా మోగుతుంది. బోలుగా ఉన్నంత మేర సుద్దముక్కతో గీత గీసి, ఆ చుట్టూ చదరంగా కోసి తీసివేసి, కొత్తగా పూయాలి. పగుళ్ళను పైపైన సిమెంటు పాలతో మూయడం వ్యర్థం. ఉలితో కాస్త వెడల్పు చేసి, తడిపి, గోడ గారతో సమానమైన మిశ్రమాన్నే కూరాలి. చెమ్మ మూలం తెలుసుకోకుండా పూసిన గార, మూలం తెలిసేదాకా ఊడుతూనే ఉంటుంది. పైగొట్టం కారుతున్నదా, కప్పు మీద నీరు నిలుస్తున్నదా, స్నానాల గది అతుకు వీడిందా అన్నవి ముందు చూడాలి.

ఇక రావిమొక్క. పక్షులు తెచ్చి పడవేసిన గింజ పిట్టగోడ పగులులో మొలిచి రెండాకులు వేసినప్పుడు, దేవతావృక్షమన్న భయభక్తులతో దానిని ముట్టనివారు రైల్వే కాలనీలలోనూ, హిజ్లీ వీధులలోనూ చాలామంది ఉన్నారు. పైకి కోసివేసి ఊరుకొన్నా అది మళ్ళీ చిగురిస్తుంది. వేరు మాత్రం లోపల లావెక్కుతూనే ఉంటుంది. భక్తి అడ్డువస్తే మొదటి ఏడాదే, వేరు వెంట్రుకంత సన్నగా ఉన్నప్పుడే, కొద్దిగా గార తొలిచి మొక్కను వేరుతో సహా జాగ్రత్తగా తీసి, ఊరి చెరువు గట్టున నాటవచ్చు.